మూడు దోనెల ఓడ

చెరువులో ఒక్క అరటిబోదె వేసి, దానిమీద గుర్రమెక్కినట్లు కూర్చోబోయారనుకోండి. ఏమవుతుంది? అది గిర్రున తిరుగుతుంది, మీరు బుడుంగున నీళ్ళలో పడతారు. అవే బోదెలు రెండు తీసుకొని, నడుమ బారెడు ఎడం ఉంచి, అడ్డకర్రలతో బిగించి కట్టండి. ఇప్పుడు కూర్చున్నా, లేచి నిలబడ్డా అది తిరగబడదు. బోదెలు అవే, నీరు అదే, మీ బరువూ అదే. మారినదల్లా వాటి మధ్య ఉన్న ఎడం ఒక్కటే.

దాదాపు 1,280 మంది మనుషులను, 340 కార్లను మోసుకొని, నడిసముద్రంలో గంటకు 70 కి.మీ. వేగంతో పరుగెత్తే ఒక ఓడ ఉంది. దాని రహస్యంలో సగం ఈ అరటిబోదెల్లోనే ఉంది. మిగతా సగం కొంచెం చిక్కుగా ఉంటుంది. అయినా లెక్కలంటే భయం లేనివాళ్ళకు అదీ సులువే.

ఆ ఓడ పేరు బెంచిహిగ్వా ఎక్స్‌ప్రెస్. పేరు చూసి నోరు తిరగలేదని కంగారుపడకండి. లా గొమేరా అనే దీవిలో కొండల నడుమ ఉన్న ఒక చిన్న పల్లె పేరు అది. ఈ దీవి కనారీ దీవుల్లో ఒకటి. కనారీ దీవులు స్పెయిన్ దేశానివే అయినా, స్పెయిన్‌కు వెయ్యి కి.మీ.కు పైగా దూరాన, ఆఫ్రికా ఖండం పక్కన, అట్లాంటిక్ మహాసముద్రంలో ఉన్నాయి. సముద్రగర్భంలోని అగ్నిపర్వతాలు కక్కిన లావా పేరుకొని ఏర్పడిన దీవులివి. మనుషులు కాపురముండేవి 8. మొత్తం జనాభా సుమారు 22 లక్షలు. టెనెరిఫే దీవిలోని టెయిడే అగ్నిపర్వతం ఎత్తు 3,715 మీటర్లు. స్పెయిన్ దేశమంతటిలో అంతకన్న ఎత్తయిన శిఖరం లేదు.

1492 సెప్టెంబరు 6న కొలంబస్ తన మూడు ఓడలతో పడమరకు బయలుదేరింది ఈ లా గొమేరాలోని సాన్ సెబాస్టియన్ రేవునుంచే. ఇక్కడి కొండలోయలు ఎంత లోతంటే, అటునుంచి ఇటు కేకవేసినా వినబడదు. అందుకని గొమేరావాళ్ళు ఈలలతోనే మాటలాడుకొనే భాష ఒకటి తయారుచేసుకున్నారు! ఈనాటికీ అక్కడి బడుల్లో దాన్ని నేర్పుతున్నారు.

లోయ దాటడానికి ఈల చాలుతుంది. సముద్రం దాటాలంటే? టెనెరిఫేకు, లా గొమేరాకు మధ్య నీటిదారి 40 కి.మీ. దాకా ఉంటుంది. పెద్ద ఆసుపత్రి, విశ్వవిద్యాలయం, పెద్ద బజారు అన్నీ టెనెరిఫేలోనే. గొమేరా కుర్రవాడు పై చదువు చదవాలన్నా, వాళ్ళ అవ్వకు పెద్ద ఆపరేషన్ చేయించాలన్నా, తోటలో కోసిన అరటిగెలలు అమ్ముడుపోవాలన్నా ఈ 40 కి.మీ. దాటవలసిందే. లారీలూ కార్లూ ఎక్కించుకొని నిత్యం తిరిగే ఓడ 1974లో వచ్చింది. దాని పేరూ బెంచిహిగ్వాయే. మామూలు ఓడ అది, తాపీగా వెళ్ళేది. మన కథలోని మూడు దోనెల ఓడ ఆస్ట్రేలియాలోని ఆస్టల్ అనే కంపెనీ రేవులో తయారై, 2005లో సేవకు దిగింది.

తాపీగా ఎందుకు వెళ్ళాలి? ఇంకా పెద్ద ఇంజను పెడితే పోలేదా? ఇక్కడే ఉంది చిక్కు.

తన అలలోనే చిక్కిన ఓడ

చెరువులో పడవ పోతూ ఉంటే ముందు ముక్కు దగ్గర నీరు లేచి, అలలై వెనక్కు సాగడం మీరు చూసే ఉంటారు. ఆ అలలను పుట్టించడానికి కావలసిన శక్తి ఎక్కడినుంచి వస్తుంది? పడవనుంచే. అంటే తెడ్డువేసేవాడి శ్రమలో కొంత భాగం పడవను నడపకుండా అలలకు ఖర్చవుతున్నదన్నమాట.

అలలకు ఒక విచిత్రమైన నియమం ఉంది. లోతైన నీటిలో పొడుగాటి అల వేగంగా పోతుంది, పొట్టి అల నెమ్మదిగా పోతుంది. రెండు అల శిఖరాల మధ్య దూరాన్ని మీటర్లలో కొలిచి, దాని వర్గమూలాన్ని 1.25తో గుణించండి. అల వేగం సెకనుకు ఇన్ని మీటర్లని వస్తుంది. 16 మీటర్ల అల తీసుకోండి. వర్గమూలం 4. వేగం సెకనుకు 5 మీటర్లు, అంటే గంటకు 18 కి.మీ.

పడవ పుట్టించే అల పడవతోపాటే సాగుతుంది. కాబట్టి దాని వేగం పడవ వేగమే. పడవ వేగం పెరిగేకొద్దీ అల పొడుగవుతుంది. 16 మీటర్ల పడవ గంటకు 18 కి.మీ. అందుకొనేసరికి అల పొడవు పడవ పొడవుకు సమానమవుతుంది. అప్పుడు ఒక శిఖరం ముక్కు దగ్గర, ఇంకొకటి తోక దగ్గర ఉంటాయి. ఇంకా తొందరపడితే వెనుక శిఖరం తోకను దాటి వెనక్కు జారుతుంది. తోక పల్లంలో పడుతుంది, ముక్కు పైకి లేస్తుంది. పాపం, ఆ పడవ తన అలనే తాను కొండలాగా ఎక్కుతూ ఉంటుంది! ఎంత ఎక్కినా శిఖరం ముందుకే జరుగుతూ ఉంటుంది. అక్కడినుంచి ఇంజను శక్తి రెట్టింపు చేసినా వేగం కాస్తే పెరుగుతుంది.

ఈ సంగతులను మొట్టమొదట శ్రద్ధగా కొలిచినవాడు విలియం ఫ్రౌడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. 1867లో ఆయన రెండు రకాల నమూనా పడవలు చేయించి ఒక నదిలో లాగించి చూశాడు. ఒకదానికి హంస అని, రెండోదానికి బొంతకాకి అని పేర్లు పెట్టాడు. తేలినదేమిటంటే, ఒక వేగం దగ్గర ఒకటి మెరుగు, ఇంకొక వేగం దగ్గర రెండోది మెరుగు! ఏ ఆకారమూ అన్ని వేగాలకూ మంచిది కాదన్నమాట. తరువాత ఆయన టార్కీ అనే ఊళ్ళో పొడుగాటి నీళ్ళ తొట్టి కట్టించి, అందులో మైనపు నమూనాలను లాగి పరీక్షించాడు. ఓడ గీసిన కాగితాన్ని నేరుగా కార్ఖానాకు పంపకుండా ముందు తొట్టిలో బొమ్మను లాగి చూసే అలవాటు అలా మొదలై, ఈనాటికీ సాగుతోంది.

మన ఓడ పొడవు సుమారు 127 మీటర్లు. పై లెక్క మీరే చేయండి. 127కు వర్గమూలం రమారమి 11.3. దాన్ని 1.25తో గుణిస్తే సెకనుకు 14 మీటర్లు, అంటే గంటకు 51 కి.మీ. అల అడ్డుగోడ అక్కడ నిలబడుతుంది. కాని ఈ ఓడ గంటకు 70 కి.మీ. వెళుతుంది. మరి ఆ గోడను ఎలా దాటింది?

గోడను దాటలేదు, గోడనే పొట్టిది చేసింది. అల పొడవు వేగాన్నిబట్టి ఉంటుంది గాని, అల ఎత్తు ఓడ ఎంత నీటిని పక్కకు నెడుతున్నదన్నదాన్నిబట్టి ఉంటుంది. తొట్టిలో నీళ్ళు పోసి చెక్క స్కేలును అడ్డంగా పట్టుకొని లాగండి. నీరు ఎగిసిపడుతుంది. అదే స్కేలును అంచువైపుగా లాగండి. కత్తిలా కోసుకుపోతుంది. అల పుట్టినా పుట్టనట్లే ఉంటుంది. ఓడ కూడా స్కేలు అంచులా సన్నగా, పొడుగ్గా ఉంటే చాలు!

అంత సన్నగా ఉంటే ఇంకో ప్రమాదం. అరటిబోదె గుర్తుంది కదా? గిర్రున తిరుగుతుంది. పైన 340 కార్లుంటే ఇక చెప్పాలా?

తెప్ప పేరు, పసిఫిక్ రూపు

నీటిలో మునిగి ఓడను తేల్చే తొట్టిలాంటి భాగాన్ని మనం దోనె అందాం. సన్నని దోనె పడిపోకుండా ఉండాలంటే ఒకదానికి బదులు రెండు పెట్టి, ఎడంగా కట్టి, పైన తట్టు పరవాలి. దీన్ని ప్రపంచమంతా కాటమరాన్ అంటుంది. ఈ మాట మన దక్షిణాది మాటే. దుంగలను కట్టి చేసే తెప్పకు తమిళంలో కట్టుమరం అని పేరు. మన ఉత్తరాంధ్ర తీరంలో జాలరులు దాన్నే తెప్ప అంటారు. కోరమాండల్ తీరంలో దాన్ని చూసిన తెల్లవాళ్ళు ఆ పేరును పట్టుకుపోయారు. అయితే మన తెప్పలో దుంగల మధ్య ఎడం ఉండదు, ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి. రెండు దోనెలను ఎడంగా కట్టి మహాసముద్రాలు దాటినవాళ్ళు పసిఫిక్ దీవులవాళ్ళు. పేరు ఇక్కడిది, రూపం అక్కడిది. పేర్ల సంగతి ఇలాగే ఉంటుంది!

1876లో నాథనేల్ హెరెషాఫ్ అనే అమెరికన్ ఇలాంటి రెండు దోనెల తెరచాప పడవ చేసి, న్యూయార్కు పందెంలో మామూలు పడవలన్నిటినీ ఓడించాడు. మిగతావాళ్ళు ఏం చేశారో తెలుసా? అటువంటి పడవ పందేలకు పనికిరాదని నిషేధించారు. ఆ తరువాత దాదాపు వందేళ్ళపాటు పెద్ద ఓడలు కట్టేవాళ్ళు దీనివైపు అంతగా చూడనే లేదు. కార్లను మోసే మొదటి పెద్ద కాటమరాన్ 1990లో ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో తయారైంది. 74 మీటర్ల ఆ ఓడ పేరు హోవర్‌స్పీడ్ గ్రేట్ బ్రిటన్. అదే ఏడు అట్లాంటిక్ మహాసముద్రాన్ని 3 రోజుల 7 గంటల 54 నిమిషాలలో దాటి పాత రికార్డును బద్దలుకొట్టింది.

కాటమరాన్ ఓడలు కనారీ దీవులకు 1999లో వచ్చాయి. వేగం బాగానే ఉంది. కాని ఎక్కినవాళ్ళకు ఒక ఇబ్బంది. అరటిబోదెలు రెండూ ఎడంగా కట్టినప్పుడు మీరు ఒక పక్కకు ఒరిగితే ఏమయింది? తెప్ప వెంటనే మిమ్మల్ని ఎదురు తోసింది. కాటమరాన్ కూడా అంతే. పక్కనుంచి అల తగలగానే ఒరగడం, మరుక్షణమే చప్పున నిటారు కావడం. తిరగబడదు, నిజమే. కాని ఆ కుదుపుకు కడుపులో దేవినట్లవుతుంది. ఈ దీవుల మధ్య ఈశాన్య గాలి ఎత్తయిన కొండల సందుల్లో దూరి ఇంకా జోరెక్కుతుంది. మామూలు రోజున కూడా సముద్రం నెమ్మదిగా ఉండదు.

అక్కడ పనికివచ్చింది మూడో దోనె. బెంచిహిగ్వా ఎక్స్‌ప్రెస్‌లో బరువులో ఎక్కువ భాగం మోసేది మధ్యనున్న పొడుగాటి సన్నని దోనె. దానికి వెనకపాటున, అటొకటి ఇటొకటి, రెండు చిన్న దోనెలు ఉంటాయి. అవి బరువు మోసేది తక్కువే. పసిపిల్లవాడి సైకిలుకు వెనుకచక్రం పక్కన బిగించే రెండు చిన్నచక్రాలు చూశారా? వీటి పని అదే. ఓడ ఒరిగితే ఆ పక్క దోనె మరికాస్త మునుగుతుంది. మునిగినకొద్దీ ఉత్ప్లవన బలం పెరిగి దాన్ని పైకి నెడుతుంది. ఈ పక్క దోనెలను ఎంత పెద్దవి చేయాలి, ఎంత ఎడంగా పెట్టాలి అన్నది ఇంజనీరు చేతిలో ఉంది. ఓడ పడిపోనంత బలం, కడుపు తిప్పనంత మెత్తదనం, రెండూ కుదిరేలా చూసుకోవచ్చు. కాటమరాన్‌లో ఈ వీలు తక్కువ. ఈ మూడు దోనెల ఓడను ట్రైమరాన్ అంటారు. మన ఓడ వెడల్పు 30 మీటర్లు, కాని నీటిలో మునిగేది సుమారు 4 మీటర్లే.

ఇవిగాక ఇలాంటి ఓడలకు నీటిలోపల రెక్కలు కూడా ఉంటాయి. ముక్కు ఎంత లేస్తున్నదో, పక్కకు ఎంత ఒరుగుతున్నదో కంప్యూటరు క్షణక్షణం చూసుకుంటూ, ఆ రెక్కలను తగినంత తిప్పి కుదుపును చంపుతూ ఉంటుంది.

ఏడు రైలింజన్ల బలం

అల గోడ పొట్టిదయినా ఘర్షణ పోదు కదా. నీరు గాలికన్న దాదాపు 800 రెట్లు సాంద్రమైనది. వేగం రెట్టింపయితే నీటి ఘర్షణ నాలుగు రెట్లవుతుంది. ఆ నాలుగు రెట్ల బలాన్ని రెట్టింపు వేగంతో తొయ్యాలి కాబట్టి కావలసిన శక్తి 8 రెట్లు! ఈ ఓడలో నాలుగు డీజిల్ ఇంజన్లున్నాయి. ఒక్కొక్కటి 8,200 కిలోవాట్లు. అన్నీ కలిపితే దాదాపు 44,000 అశ్వశక్తి. మన దేశంలో ఎక్స్‌ప్రెస్ రైళ్ళను లాగే డబ్ల్యు.ఏ.పి.-7 ఇంజను శక్తి సుమారు 6,000 అశ్వశక్తి. అలాంటివి ఏడింటిని ఈ ఓడ కడుపులో పెట్టినట్లు ఊహించుకోండి.

ఇంత బలాన్ని నీటికి అందించడానికి మామూలు పంకా పనికిరాదు. పంకా మరీ జోరుగా తిరిగితే దాని రేకుల వెనుక పీడనం బాగా పడిపోతుంది. పీడనం తగ్గితే నీరు తక్కువ వేడికే మరుగుతుందని మీరు చదువుకున్నారు. ఇక్కడ చల్లని సముద్రపు నీరే మరిగి బుడగలవుతుంది! ఆ బుడగలు మళ్ళీ చిట్లినప్పుడు రేకులమీద సుత్తితో కొట్టినట్లే ఉంటుంది. లోహం గుంటలు పడిపోతుంది. అందువల్ల ఈ ఓడలో నీటి పిచికారీలు పెట్టారు. అడుగునుంచి నీటిని లోపలికి పీల్చి, పంపులతో వెనక్కు చిమ్ముతాయి. నీరు వెనక్కు, ఓడ ముందుకు. న్యూటన్ మూడో సూత్రం! తోటకు నీళ్ళు పెట్టే రబ్బరుగొట్టం చేతిలోంచి జారితే వెనక్కు తన్నుకుంటూ పాములా మెలికలు తిరగడం చూశారు కదా, అదే బలం.

మొత్తం పిచికారీలు మూడు. మధ్యనున్న పెద్దదాన్ని రెండు ఇంజన్లు కలిసి నడుపుతాయి. పక్క రెండింటికి చెరొక ఇంజను. పక్కవాటి మూతిని అటూ ఇటూ తిప్పవచ్చు. అదే చుక్కాని. చిమ్మే నీటికి అడ్డంగా దొప్పలాంటిది దించితే నీరు ముందుకు మళ్ళి ఓడ వెనక్కు నడుస్తుంది. ఇరుకు రేవులో ఇంత పెద్ద ఓడ ఉన్నచోటనే తిరగగలదంటే అందుకే.

ఒళ్ళు తేలికగా ఉండాలని ఓడనంతా అల్యూమినియంతో చేశారు. మన ఇళ్ళలోని సత్తుగిన్నె లోహమే, కాకపోతే సముద్రపు నీటికి తట్టుకొనేలా మరికొన్ని లోహాలు కలిపినది. బరువు ఉక్కులో మూడో వంతే. అయితే దీనికి రెండు బలహీనతలున్నాయి. వేడికి త్వరగా మెత్తబడుతుంది కాబట్టి ఓడలో నిప్పంటుకోకుండా, అంటుకున్నా వేడి గోడలకు పాకకుండా ప్రత్యేకమైన పొరలు వేయాలి. రెండోది, పదేపదే వంగితే పగుళ్ళు వస్తాయి. తీగను అటూ ఇటూ పదిసార్లు వంచితే తెగిపోవడం మీకు తెలిసిందే. ఈ ఓడ రూపు ఆధారంగానే ఆస్టల్ కంపెనీ అమెరికా నౌకాదళానికి ఇండిపెండెన్స్ తరగతి యుద్ధనౌకలు కట్టింది. వాటిలో కొన్నిటికి పగుళ్ళు కనిపించిన సంగతి 2022లో బయటపడింది.

2021 సెప్టెంబరు 19న లా పాల్మా దీవిలో అగ్నిపర్వతం బద్దలై 85 రోజులపాటు లావా కక్కింది. వేలమంది ఇళ్ళు వదిలిపోవలసివచ్చింది. బూడిద గాలిలో కమ్ముకొన్న రోజుల్లో విమానాలు ఎగరలేదు. బూడిదలో ఉన్నది గాజులాంటి రాతిపొడి. అది జెట్ ఇంజనులో కరిగి అతుక్కుంటే ఇంజను ఆగిపోతుంది. అటువంటి రోజుల్లో దీవినుంచి బయటపడాలన్నా, దీవికి సరుకులు చేరాలన్నా మిగిలిన దారి ఓడలే. రేవు దగ్గర జనం బారులు తీరారు.

తొమ్మిది నిమిషాలు

ఇంతవరకు వేగం మంచి చూశాం. ఇప్పుడు రెండో వైపు.

టెనెరిఫేకు నైరుతిగా, సరిగ్గా ఈ ఓడలు తిరిగే నీటిలోనే, పైలట్ తిమింగిలాలు ఏడాది పొడుగునా కాపురముంటాయి. దీవుల మధ్య లోతైన నీటిలో ఇంకా పెద్దవైన స్పెర్మ్ తిమింగిలాలున్నాయి. 2016లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం ఈ ప్రాంతంలో అవి సుమారు 220. ఈ తిమింగిలం ఆహారంకోసం వందల మీటర్ల లోతుకు దిగి, ముప్పావుగంట దాకా అక్కడే ఉంటుంది. పైకి వచ్చాక ఊపిరి కూడదీసుకోవడానికి నీటిమీద కదలకుండా కొన్ని నిమిషాలు పడుకుంటుంది. ఓడలకు దొరికిపోయేది ఆ నిమిషాల్లోనే. ఓడ తగిలి చచ్చిన తిమింగిలాలు ఇక్కడి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. పుట్టే పిల్లల లెక్క ఈ చావుల లెక్కకు చాలకపోవచ్చునని ఆ శాస్త్రజ్ఞుల భయం.

ఓడ గంటకు 70 కి.మీ. అంటే సెకనుకు 19 మీటర్లకు పైగా పోతుంది. అరకిలోమీటరు ముందు నల్లని వీపు కనిపించిందనుకోండి. దాన్ని చూసి, తిమింగిలమేనని గుర్తుపట్టి, ఓడను మళ్ళించడానికి ఉన్న వ్యవధి 26 సెకన్లు. రాత్రివేళ, అలలమీద నురగ ఉన్నవేళ అంత దూరాన కనిపించడమే గగనం.

వేగం తగ్గిస్తే? ఈ లెక్క కూడా చేసి చూడండి. 70 నుంచి 55కు తగ్గితే 40 కి.మీ. దూరానికి పట్టే కాలం 34 నిమిషాలనుంచి 43కు పెరుగుతుంది. తేడా 9 నిమిషాలు. శక్తి వేగం ఘనంతో మారుతుంది కాబట్టి ఇంజను మీద భారం ఇంచుమించు సగమైపోతుంది. ఎక్కువసేపు నడిచినా మొత్తం మీద నూనె మూడో వంతుకు పైగా మిగులుతుంది. వినడానికి ఎంతో సులువుగా ఉంది! కాని ఒక్కొక్క ప్రయాణానికి 9 నిమిషాలంటే రోజుకు నాలుగైదు మార్లు తిరిగే ఓడకు ముప్పావుగంట. లా పాల్మా దాకా వెళ్ళే దారి ఇంకా దూరం, అక్కడ ఆలస్యం ఇంకా ఎక్కువ. ఒక్కొక్కసారి పొద్దుటి ఆసుపత్రి వేళ తప్పిపోవచ్చు, సాయంత్రం తిరుగు ఓడ అందకపోవచ్చు. గొమేరా అవ్వను అడిగితే ఒక మాట చెబుతుంది, తిమింగిలాలను లెక్కపెట్టే శాస్త్రజ్ఞుణ్ణి అడిగితే ఇంకొక మాట చెబుతాడు. దారి అంతా కాకుండా తిమింగిలాలు ఎక్కువగా ఉండేచోట మాత్రమే నెమ్మదించాలనీ, ఓడ దారినే కాస్త పక్కకు జరపాలనీ కొందరంటారు.

ఇదే కోవకు చెందిన 118 మీటర్ల ఓడ, బహమార్ ఎక్స్‌ప్రెస్, 2020లో వచ్చింది. తరువాత దానికి జోడుగా ఇంకొకటి వచ్చింది. అవి తిరిగేది టెనెరిఫేకు, గ్రాన్ కనారియాకు మధ్య. స్పెర్మ్ తిమింగిలాలు తరచుగా కనిపించే నీరు కూడా అదే.